చచ్చిన కార్డు నంబరు

మా బావ మురళీమోహన్ ఏ పనినైనా "ఐదు నిమిషాల పని మరదలా" అని మొదలుపెట్టాడంటే నాకు నెల రోజులు పోయినట్టే. ఆయనది కేబుల్ టీవీ వ్యాపారం. మా అక్క మొగుడు కాబట్టి నోరు మూసుకోమనే హక్కు నాకుంది గానీ, ఆ హక్కు ఇంతవరకు పనిచేసిన దాఖలా లేదు. నాది కాశీబుగ్గలో రిపేరు షాపు. జీడి ఫ్యాక్టరీల్లో రంగు చూసి పప్పు వేరు చేసే మిషన్లుంటాయి కదా, వాటి బోర్డులు బాగుచేస్తాను. ఇన్వర్టర్లు, తూకం మిషన్లు కూడా. టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి పన్నెండేళ్లయింది. ఇప్పటికీ షాపుకొచ్చిన ప్రతివాడూ "మేస్త్రీ లేడామ్మా?" అని నా వెనకాల వెతుకుతాడు. నా కోపం ఊరికే పుట్టింది కాదని చెప్పడానికే ఈ సంగతి.

ఆ రోజు బావ వెనకాల కాంతమ్మ పిన్ని వచ్చింది. ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది. నా మిషను వేరు చేసిన పప్పుని మళ్లీ చేత్తో వేరు చేస్తూ "నీ మిషనుకి కళ్లజోడు కొనమ్మా" అని వెక్కిరించే మనిషి. పూండి దగ్గర ఉద్దానం పల్లె నుంచి రోజూ రైల్లో వస్తుంది.

"పూండి ట్రస్టు ల్యాబులో పాత కంప్యూటరున్నాదమ్మా. అందులో నా నెత్తురు లెక్కలున్నాయి. అయి తీసియ్యాల," అంది.

సంగతేమిటంటే, ఆమె తమ్ముడు పెంటయ్యకి రెండు కిడ్నీలూ పోయాయి. పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. చేతిలో డయాలసిస్ సూదులు గుచ్చే నరం మూసుకుపోతోంది, ఒకసారి కుడిచేతికి మార్చారు, ఇంకోసారి మార్చడానికి చోటు లేదంటున్నారు. కాంతమ్మ పిన్ని తన కిడ్నీ ఇస్తానంది. వైజాగులో పెద్ద డాక్టరు అన్ని పరీక్షలూ చేసి బాగానే ఉన్నాయన్నాడు గానీ, ఒక్క మెలిక పెట్టాడు. ఉద్దానం మనిషి, తండ్రికీ అదే జబ్బు, తమ్ముడికీ అదే జబ్బు. ఇవాళ బాగున్న కిడ్నీ రేపు చెడదని ఏమిటి నమ్మకం? పాత రిపోర్టులుంటే చూపించండి, ఇన్నేళ్లుగా క్రియాటినైన్, అంటే కిడ్నీ చెడితే నెత్తురులో పెరిగే లెక్క, పెరగలేదని తెలిస్తే వెంటనే ఆపరేషన్ పెడతాను, లేకపోతే ఏడాది పాటు మిమ్మల్ని కనిపెట్టి చూడాలి అన్నాడు. ఆయన మాట న్యాయమే. కానీ ఏడాది ఆగే స్థితిలో పెంటయ్య లేడు.

"నీ దగ్గర కాగితాలు లేవా పిన్నీ?"

"తుపానుకి పోనాయి," అంది ఎటో చూస్తూ. పదేళ్లపాటు ఆ ట్రస్టులో ఆయాగా చేసిందట. పల్లెల్లో తీసిన నెత్తురు గొట్టాల మీద పేర్లు రాసి, ఐసు డబ్బాలో పెట్టి ల్యాబుకి చేర్చేది ఈవిడే.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంకో మాటమ్మా. అది పలికితే ముందు నాకే సెప్పు. ఇంకెవులికీ సూపించకు."

తన జబ్బేదో బయటపడుతుందని భయం కాబోలు అనుకున్నాను. సరేనన్నాను.

"ఐదు నిమిషాల పని," అన్నాడు బావ.

పూండి ట్రస్టు మూతపడి పదిహేనేళ్లు. నడిపిన డాక్టరుగారు పోయారు. తాళాలు లోకనాథం గారి దగ్గరున్నాయి. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, భార్య రత్నాలమ్మగారితో ఆ కాంపౌండులోనే ఉంటారు. రోజూ పొద్దున్నే డాక్టరుగారి గది తెరిచి, ఫోటోకి దీపం పెట్టి, మళ్లీ తాళం వేస్తారు. నాకు కావలసిన కంప్యూటరు ఆ ఫోటో కిందే ఉంది.

"ఈ గదిలో స్క్రూడ్రైవర్లూ అవీ పనికిరావమ్మా. డాక్టరుగారు కూర్చున్న చోటు," అన్నారాయన.

"మరి నేను పని ఎలా చెయ్యాలండీ?"

"పక్కన ల్యాబుంది కదా. అక్కడ చేసుకో."

స్విచ్చి మాత్రం ఆయనే వేశారు. అది గురక పెట్టి, దగ్గి, లేచింది. దాని తెర మీద అక్షరాలు చూశాక నాకు ఏడుపు ఆగలేదు. అది మామూలు కంప్యూటరైతే లోకనాథం గారి కాళ్లో వేళ్లో పట్టుకుని డిస్కు ఊడదీసి పది నిమిషాల్లో చదివేదాన్ని. ఇది సర్వరు. దాని డిస్కు మీద రాత దానికి తప్ప ఇంకో మిషనుకి అర్థం కాదు. ఎదురుగా కూర్చుని కీబోర్డు నొక్కినా ఫైలు ఇవ్వదు. అడగాలంటే ఒక్కటే దారి, గోడలోంచి పక్కగదిలోకి వెళ్లే తీగ. అదీ ఇప్పటి ఇంటర్నెట్ తీగ కాదు, టీవీ తీగలా గుండ్రంగా ఉండేది. ఆర్క్‌నెట్ అని నలభై ఏళ్ల కిందటి పద్ధతి. ఎవరో పాతసామాను కింద పారెయ్యబోయి ట్రస్టుకి దానం చేసి పుణ్యం కట్టుకున్నారు. ఆ పాపం నాకు చుట్టుకుంది.

పోనీ ల్యాబులో కంప్యూటరు ఉంది కదా, దాన్నే లేపుదామని, పక్కరేకు ఊడిపోయిన దాని పెట్టె మూత తీశాను. లోపల కోడిపెట్ట కూర్చుని నన్ను పొడిచింది.

"అయ్యో, దాన్ని లేపకమ్మా!" అని రత్నాలమ్మగారు పరుగెత్తుకొచ్చారు. "నిన్ననే పొదుక్కి కూకుంది. పదకొండు గుడ్లు. పిల్లలయ్యేదాకా ఆ పెట్టె కదపకు, సచ్చిపోతాయి."

"ఎన్నాళ్లండీ?"

"ఎన్నాళ్లేటి? ఇరవయ్యొక్క రోజు. నీకు తెల్దా?"

ఇరవయ్యొక్క రోజు! మనిషి ప్రాణం ఒకపక్క, కోడిగుడ్లు ఒకపక్క. అరిచాను. లోకనాథం గారు విని, నిదానంగా, "ఈ కాంపౌండులో ఏ ప్రాణానికీ హాని జరక్కూడదని డాక్టరుగారి మాట," అన్నారు. ఆ ఫోటోలో పెద్దాయన నవ్వుతున్నాడు. ఆయనకేం, పోయి హాయిగా ఉన్నాడు.

కోడి కింద, ఆ తీగ వచ్చి తగిలే కార్డుని ఎలాగూ ఉప్పుగాలి తినేసి ఉంటుంది. కాబట్టి ఆ కార్డు చేసే పని చేసే కొత్తది నేనే కట్టాలి. దానికోసం తయారైన చిప్పులు ఇప్పుడు ఎవరూ చెయ్యరు. నా దగ్గర వేలెడంత బోర్డులున్నాయి, జీడిపప్పు మిషన్లలో వాడేవి. వాటికి ఎలా చెప్తే అలా ఆడతాయి. ఆ పాత కార్డు తీగలోకి కరెంటుని ఎలా కొట్టేదో, ఒకసారి పైకి, ఒకసారి కిందికి, సెకనులో కోటో వంతు తేడా లేకుండా నా బోర్డు కూడా అలాగే కొట్టాలి. చచ్చిన రూటరు విప్పి అందులో ట్రాన్స్‌ఫార్మరు పీకాను. తీగ చివర తొంభైమూడు ఓముల రెసిస్టరు ఉండాలి, అలాంటిది బజార్లో దొరకదు. ఎనభైరెండుదీ పదిదీ కలిపి అతికాను. ఒక ఓము తక్కువ, సర్దుకోమన్నాను.

అది కట్టిన వారం రోజులూ కాంతమ్మ పిన్ని షిఫ్టు దిగి తిన్నగా షాపుకి వచ్చేది. బల్ల పక్కన కూర్చుని టంకం పొగ పీలుస్తూ, పది నిమిషాలకోసారి "ఏటమ్మా, పలికిందా?" అనేది.

"పిన్నీ, ఇది ఇంకా పుట్టలేదు. పుట్టాక పలుకుతుంది."

"పుట్టినాక సెప్పు." మళ్లీ పది నిమిషాలకి, "పుట్టిందా?"

తిట్టడానికి నోరు తెరిచేదాన్ని. మోకాళ్ల మీద పెట్టుకున్న ఆ చేతులు, జీడిపాలు తిని నల్లబడ్డ వేళ్లు చూసి మూసుకునేదాన్ని. ఆమె ఎదురుచూస్తున్నది నా బోర్డు కోసం కాదని నాకు తెలుసు. తెలిసినా చిరాకు చిరాకే.

బోర్డు పుట్టింది. పూండి తీసుకెళ్లి తీగకి తగిలించాను. అవతల సర్వరు "ఎవరైనా ఉన్నారా" అని కొడుతూ ఉంటుంది, ఇవతల నా బోర్డు "ఉన్నాను" అనాలి. అంటోంది. అవతలకి చేరడం లేదు. నా రాతలోనే తప్పుందనుకుని మూడు రోజులు తిరగరాశాను. ట్రాన్స్‌ఫార్మరు మార్చాను. రెసిస్టర్లు మార్చాను. నాలుగో రోజు అనుమానమొచ్చి, ఆ తీగ ఎక్కడెక్కడ తిరిగి వెళ్తోందో చూద్దామని నిచ్చెనేసుకుని ఎక్కాను. దూలం మీద, పావురాల రెట్టల మధ్య, నల్లటేపు చుట్టిన ముడి ఒకటి కనిపించింది. రెండడుగుల అవతల ఇంకోటి. టేపు విప్పితే లోపల రాగి పచ్చగా పొడిపొడిగా రాలింది. టంకం లేదు. పళ్లతో కొరికి మెలేసిన తీగ.

పళ్లతో తీగ కొరికే మనిషి ఈ జిల్లాలో నాకు తెలిసి ఒక్కడే. ఫోన్ చేశాను.

"బావా, ఈ ట్రస్టులో తీగ ఎవరు లాగారు?"

"నేను మాత్రం కాదు మరదలా."

"నువ్వు లాగావని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు. తర్వాత మెల్లిగా, "ట్రస్టు మూసీసినాక మధ్యలో ఒక ముక్క తీసేనులే. వరల్డ్‌కప్పు ఫైనలు, ఎవులికో కనెక్షనియ్యాల. తర్వాత మళ్లీ కలిపీసేను కదా," అన్నాడు.

"దేంతో కలిపావు?"

"టేపుతో! మంచి టేపే!"

ఆ రోజు నేను అన్న మాటలు మా అక్కకి చెప్పనని ఒట్టేయించుకున్నాడు. మర్నాడు స్వయంగా నిచ్చెనెక్కి రెట్టలు తుడిచి పట్టుకుంటే, నేను టంకం వేశాను. ఒక చుక్క ఆయన చేతిమీద పడింది. చెయ్యి జారి పడిందని ఇప్పటికీ చెప్తున్నాను.

తీగ బాగయింది. నా బోర్డు "ఉన్నాను" అంది. అవతల సర్వరు విని, నీ వంతు నువ్వు మాట్లాడు అంది. ఈ పద్ధతిలో ఒకరు మాట్లాడాక ఇంకొకరికి వంతు ఇవ్వాలి, ఎవరూ అడ్డురాకూడదు. మా ఇంట్లో కంటే మర్యాద. నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి. నలభై ఏళ్ల కిందటి యంత్రమూ, నిన్న నేను కట్టిన నలుసూ మాట్లాడుకుంటున్నాయి.

ఆ ఆనందం అరనిమిషం. ల్యాబు పేరుతో లోపలికి వెళ్లబోతే నా ల్యాప్‌టాప్ తెర మీద వచ్చింది: ఈ నంబరు గల కార్డుకి అనుమతి లేదు.

ప్రతి కార్డుకీ ఒక నంబరుంటుంది. కార్డు మీద ఎనిమిది బుల్లి స్విచ్చిలు, అవి పైకీ కిందికీ ఉండేదాన్ని బట్టి నంబరు. ల్యాబు కార్డు నంబరుకి తప్ప ఇంకెవరికీ లెక్కలు చూపించొద్దని డాక్టరుగారు సర్వరుకి చెప్పి ఉంచారు. ఆయనకి జాగ్రత్త ఎక్కువ. పోనీ ఒకటి నుంచి రెండువందల యాభైఐదు దాకా వరసపెట్టి చెప్తూ పోదామంటే, పది తప్పులకి అది అలిగి ఒకరోజు పాటు తలుపు మూసేస్తోంది. ఆ లెక్కన ఇరవైఐదు రోజులు. అసలు నంబరు ఎక్కడుందంటే, కోడి కింద.

కోడికి ఇంకా ఆరు రోజులుంది.

ఆరు రోజులు! ఇంత చదువు చదివి, ఇంత కట్టి, చివరికి కోడి దయమీద పడ్డాను. రత్నాలమ్మగారిని బతిమాలాను. ఆవిడ నాకు మజ్జిగిచ్చి, "కోడి లేచినప్పుడు సూద్దుగాన్లే," అన్నారు. రోజుకోసారి అది తిండికి లేస్తుందట, పావుగంట. లేచినప్పుడు టార్చి వేసి చూస్తే గుడ్ల కింద గడ్డి, గడ్డి కింద రెట్ట, రెట్ట కింద కార్డు. చెయ్యి పెట్టబోతే ఎక్కడినుంచో వచ్చి పొడిచింది.

ఆ సాయంత్రం కాంతమ్మ పిన్నికి ఇదంతా చెప్పి ఏడిచాను.

"అయితే నంబరు దొరికితే నీ బోర్డుకి ఆ నంబరెడతావా?" అంది.

"పెడతాను. ఆ చచ్చిన కార్డే వచ్చిందనుకుంటుంది సర్వరు."

"ఎవులి పేరు సెప్తే ఆళ్లే అనీసుకుంటదా?"

"అనుకుంటుంది. దానికేం తెలుసు? పేరు చూస్తుంది గానీ మనిషిని చూస్తుందా?"

ఆ తర్వాత ఆమె నా బోర్డు వైపే చూస్తూ కూర్చుంది. "పలికిందా" అని కూడా అడగలేదు. టీ చల్లారిపోయింది. రైలు టైము కాకుండానే లేచి వెళ్లిపోయింది. నా ఏడుపు విని విసుగొచ్చిందేమో అనుకున్నాను.

పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. రత్నాలమ్మగారు వాటిని బుట్ట కిందికి మార్చిన మరుక్షణం నేను ఆ పెట్టె మీద పడ్డాను. కార్డు పేరుకే కార్డు. రాగి అంతా తుప్పు. కానీ ప్లాస్టిక్కుకి తుప్పు పట్టదు కదా, స్పిరిట్టుతో తుడిచి పాత బ్రష్షుతో తోమితే ఎనిమిది స్విచ్చిలూ తెల్లగా బయటపడ్డాయి. పైకీ కిందికీ చూసి లెక్కకట్టాను. నూట పదమూడు. నా బోర్డుకి నూట పదమూడు అని పేరు పెట్టాను.

లోపలికి రమ్మంది. పాస్‌వర్డు కూడా అడగలేదు.

అప్పుడు నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. ముందు నాకే చెప్పమంది పిన్ని. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఆమె ఎత్తలేదు. నాకా, గొప్ప ఆగడం లేదు. బావకి ఫోన్ చేసి, "పలికింది! ఫ్యాక్టరీకి వెళ్లి కాంతమ్మ పిన్నిని ఎక్కించుకురా," అన్నాను. ఆ ఒక్క వాక్యంలో ఒక్క మనిషి పేరే చెప్పాను. అయినా బావ కదా.

గంటన్నరకి ఆటో ఆగింది. పిన్నితో పాటు పెంటయ్య పెళ్లాం భాగ్యశ్రీ దిగింది, చంకలో డయాలసిస్ ఫైలుతో.

"దార్లోనే కదా ఆస్పత్రి. పెంటయ్యని మిషనెక్కించీసేరు, నాలుగ్గంటల దాకా దిగడు. సుభవార్త కదా, ఈవిడా ఇంటాదని తెచ్చేను," అన్నాడు బావ, ముఖం వెలిగిపోతూ.

కాంతమ్మ పిన్ని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "తర్వాత సూద్దుమమ్మా," అంది. "భాగ్యం, నువ్వు ఆస్పత్రికెల్లు, ఆడొక్కడూ ఉన్నాడు."

"ఒక్క నిమిసం వదినా. సూసి ఎల్లిపోతాను."

నేను అప్పుడైనా ఆగాల్సింది. ఇరవై రోజుల నా కష్టం చూపించుకోవాలన్న తొందర. కాంతమ్మ పేరు కొట్టాను. తెర మీద వరస వచ్చింది, పైకే చదివాను.

"కాంతమ్మ. బ్లడ్ గ్రూపు బి పాజిటివ్. రెండువేల నాలుగు, ఒకటి పాయింట్ ఆరు. ఐదు, ఒకటి పాయింట్ ఆరు. ఆరు, ఒకటి పాయింట్ ఏడు..." నా గొంతు తగ్గిపోయింది. రెండువేల తొమ్మిదికి రెండు. ఆడమనిషికి ఒకటి దాటితేనే జబ్బని ఉద్దానంలో అందరికీ తెలుసు. ఏటికేడు పెరుగుతోంది. ఇది పట్టుకెళ్తే వైజాగు డాక్టరు గుమ్మంలోంచే పంపేస్తాడు. కొండను తవ్వి నేను పట్టింది ఇదా అని ఒళ్లు మండిపోయింది.

భాగ్యశ్రీ తెరకి దగ్గరగా వంగింది. "గ్రూపేటన్నారు?"

"బి పాజిటివ్."

"వదినది ఓ పాజిటివ్. మొన్న వైజాగులో నా ముందే తీసేరు." ఆమె నిదానంగా ఫైలు తెరిచింది. ఆ అవసరం లేదు, రోజూ చూసేదే. "బీ మా ఆయనది."

ఆమె ఫైలు మూసేసింది.

"ఆయన పేరు కొట్టండమ్మా," అంది.

కొట్టాను. పెంటయ్య. ఓ పాజిటివ్. ఆరేళ్లూ సున్నా పాయింట్ ఎనిమిది, మధ్యలో ఒక్కసారి తొమ్మిది. నిక్షేపంలాంటి కిడ్నీలు.

"ఈ కాయితం నాకు తెలుసు," అంది భాగ్యశ్రీ. "పెళ్లికి ముందు మా అయ్య సేతికిచ్చేరు. సున్నా పాయింటు ఎనిమిది. ఊరందరికీ సూపించేడు మా అయ్య."

కాంతమ్మ పిన్ని గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"గొట్టాల మీద పేర్లు రాసీది నేనే కదా," అంది. "ఆడిదానికి నా పేరు, నాదానికి ఆడి పేరు అంటించీసేను. మీ అయ్య జాతకం అడగనేదు, బూవి అడగనేదు. మొదటి మాటే కిడ్నీ కాయితం అడిగేడు. మా అయ్య ఆ జబ్బుతోనే పోనాడు. ఆడిదీ అలాగే వొత్తదేమోనని బయమేసింది. బయానికి మార్చీసేను భాగ్యం. తెలిసి కాదు. కాయితం వొచ్చినాక తెలిసింది."

"తెలిసినాక?"

"డాక్టరుబాబు జబ్బు నాదే అనుకుని నాకు బిళ్లలు రాసీవోరు. నెల నెలా తెచ్చి నీకిచ్చీదాన్ని."

"బలం బిళ్లలు," అంది భాగ్యశ్రీ. "రోజూ రాత్రి అన్నం తిన్నాక నా సేత్తో నేనే ఇచ్చీదాన్ని. అయేనా? మరి ఎందుకాపీసేవు?"

"ట్రస్టు మూసీసేరు. ఇంకోకాడ ఎవులి పేరన అడగాల? నా నెత్తురు తీస్తే నాకేటీ నేదని తెలిసిపోద్ది. ఆడిని తీసుకెల్తే నీకు తెలిసిపోద్ది. ఆడు బాగానే తిరిగీవోడు, తగ్గిపోనాదనుకున్నాను. ఆరేళ్ల కిందట కాళ్లు వాసేదాకా అలాగే అనుకున్నాను."

"పోనీలెండి, జరిగిందేదో..." అన్నాడు బావ.

"బావా, బయటికెళ్లి కోడిపిల్లల్ని చూడు," అన్నాను. వెళ్లాడు. అంత తొందరగా నా మాట విన్నది ఆ ఒక్కసారే.

పిన్ని నా వైపు చూసింది. "నువ్వు పేర్లు మార్చలేవేటమ్మా? నీ బోర్డుకి సచ్చినదాని నంబరెట్టినావు కదా. అలాగే. నాది నాకు, ఆడిది ఆడికి. అబద్దం కాదు కదా, ఉన్నదే."

అందుకా ముందు నాకే చెప్పమంది! ఇరవై రోజుల నుంచి ఈ మాట అడగడానికే నా బల్ల పక్కన కూర్చుంది. మార్చడం రెండు నిమిషాల పని. నిజంగా ఐదు నిమిషాలు కూడా పట్టని పని నా జన్మలో ఇదొక్కటే వచ్చింది. నిజం చెప్తున్నాను, మార్చేద్దామనే అనిపించింది. ఎవరికి నష్టం? నా చెయ్యి కీబోర్డు మీదే ఉంది.

"మార్చొద్దు," అంది భాగ్యశ్రీ. "ఉన్నదున్నట్టు తియ్యండి. గ్రూపులతో సహా."

షాపులోని చిన్న ప్రింటరు వెంట తెచ్చుకున్నాను. రెండు కాగితాలు వచ్చాయి. ఆమె వాటిని నేల మీద పిన్ని ముందు పరిచి, తనూ కూర్చుంది.

"సెప్పుంటే మా అయ్య నన్నిచ్చీవోడు కాదు. నిజమే," అంది. గొంతు పెంచలేదు. "నాకు ఇంకో మొగుడు దొరికీవోడు వదినా. ఆయన కిడ్నీలు పోతే ఇంకోటి దొరుకుద్దేటి?"

పిన్ని ఏడవలేదు. కాగితాల వైపే చూస్తోంది. నాకు ఇన్నాళ్లూ కోడి మీద, బావ మీద, లోకనాథం గారి మీద అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

భాగ్యశ్రీ నా జేబులో పెన్ను తీసి పిన్ని చేతిలో పెట్టింది. "రాయి. ఏ గొట్టం ఎవులిదో నువ్వే రాయి. రాసీదానివి నువ్వే కదా. గ్రూపు సూసి డాక్టరుకి అర్తమౌతాది, నీ రాతుంటే నమ్ముతాడు."

పిన్ని కాగితం మోకాలి మీద పెట్టుకుంది. గొట్టాల మీద చీటీలు రాసిన అలవాటేమో, అక్షరాలు చిన్నగా, గుండ్రంగా, ఇప్పటికీ ముద్దుగా ఉన్నాయి. ఓ పాజిటివ్ పక్కన పెంటయ్య పేరు కొట్టేసి కాంతమ్మ అని రాసింది. బి పాజిటివ్ పక్కన కాంతమ్మ కొట్టేసి పెంటయ్య అని రాసింది. ఆరేళ్లు, పన్నెండు వరసలు. ఒక్కటి కూడా వదల్లేదు. కింద, పేర్లు మార్చింది నేనే అని రాసి సంతకం పెట్టింది.

భాగ్యశ్రీ కాగితాలు తీసుకుని ఫైల్లో పెట్టుకుంది. టైము చూసుకుంది. మూడున్నర.

"రేపు పొద్దున్న బండికి వైజాగెల్దుము. ఇద్దరం," అంది. "ఇప్పుడు ఆస్పత్రికి నడు. ఆయన మిషను దిగే టైమైనాది."

పిన్ని లేవలేదు. "ఆడికి నేనేటి సెప్పాల భాగ్యం?"

భాగ్యశ్రీ అప్పటికే గుమ్మం దాటింది. బయట మెట్ల మీద కోడిపిల్లలు అడ్డంగా తిరుగుతుంటే ఆగి, వాటిని కాలితో మెల్లిగా పక్కకి తప్పించి, వెనక్కి తిరిగి వదిన కోసం చెయ్యి చాచింది.

"రాసిందే సెప్పు," అంది.